43 ఏళ్లు.. ఒకే గడప

పుట్టిన చోటికి నాలుగడుగుల దూరంలో నేల తొలుచుకుని, దానికో తలుపు అమర్చుకుని, ఊపిరి ఉన్నంతకాలం ఆ ఇల్లు వదలని సాలీళ్లున్నాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలో అలాంటి ఒక ఆడసాలీడు 43 ఏళ్లు బతికింది. మనిషి లెక్కగట్టిన సాలీళ్లలో అంత ఆయుష్షు మరిదేనికీ లేదు. దాని దగ్గరి చుట్టాల్లో కొన్ని ఇప్పుడు చిన్న చిన్న అడవి ముక్కల్లోనే మిగిలాయి.

పెర్త్ నగరం నుంచి తూర్పుకు దాదాపు 180 కిలోమీటర్లు వెళితే టామిన్ అనే చిన్న ఊరు వస్తుంది. అదంతా గోధుమ సీమ. దారికి ఇరువైపులా చేలే. ఆ చేల మధ్య దున్నకుండా వదిలేసిన అడవి ముక్క ఒకటుంది. పేరు నార్త్ బంగల్లా. విస్తీర్ణం 104 హెక్టార్లు, మన లెక్కలో 257 ఎకరాలు. పొట్టి చెట్లు, తుమ్మ జాతి పొదలు, కింద ఎండుటాకులూ పుల్లలూ. పైపైన చూసేవారికి అందులో ఏ విశేషమూ కనపడదు.

1974లో బార్బరా యార్క్ మెయిన్ అనే జీవశాస్త్రవేత్త ఆ నేలమీద వంగి, ఆకుల చెత్తలో కలిసిపోయిన సాలీడు తలుపుల్ని ఒక్కొక్కటిగా పోల్చుకుని, ప్రతి తలుపు పక్కనా అంకె వేసిన లోహపు మేకు పాతడం మొదలుపెట్టారు. పదహారో మేకు పక్కనున్నది అప్పుడే తల్లి గూడు విడిచి సొంతంగా నేల తవ్వుకున్న పిల్ల. జాతి పేరు గాయస్ విల్లోసస్. ఆ పిల్లకు విడిగా పేరేమీ పెట్టలేదు, ‘నంబర్ 16’ అన్నారంతే. మేకు పాతిన నాటికి బార్బరాకు 45 ఏళ్లు. ఆ సాలీడు పోయేనాటికి ఆమెకు 87.

తలుపు వెనక సంసారం

ట్రాప్‌డోర్ సాలీళ్లు గాల్లో వల అల్లవు. మైగలోమార్ఫ్‌లు అనే అతి ప్రాచీన సాలీళ్ల వంశం వీటిది. టరాంటులాలూ ఈ వంశానివే. మన ఇళ్ల మూలల్లో కనిపించే సాలీళ్ల కోరలు ఎదురెదురుగా వచ్చి కలుస్తాయి. వీటి కోరలు రెండూ పక్కపక్కనే పైనుంచి కిందికి దిగుతాయి. కోరల మొదట్లో గట్టి ముళ్ల వరస ఉంటుంది. దానితో మట్టి పెళ్లగించి, ఉండ చేసి, బయటికి మోసుకొచ్చి పడేస్తుంది. సొరంగం లోపలంతా పట్టు పూస్తుంది. చివరికి పట్టునూ మట్టినీ ఆకు ముక్కల్నీ కలిపి గుండ్రటి మూత చేసి, ఒక అంచును పట్టుతోనే బందు వేస్తుంది. ఆ మూత మూసి ఉన్నప్పుడు చూపుడువేలితో చూపించినా కొత్తవారికి కనపడదు.

గాయస్ విల్లోసస్ అక్కడితో ఆగదు. గుమ్మం చుట్టూ సన్నని పుల్లల్ని ఏరి తెచ్చి, ఒక కొస గుమ్మానికి అంటేలా, రెండో కొస బయటికి చాపి పేరుస్తుంది. రాత్రివేళ మూత కొద్దిగా ఎత్తి, ముందుకాళ్లు అంచుమీద ఆనించి కూర్చుంటుంది. చీమో పురుగో ఏదో ఒక పుల్లను తొక్కితే ఆ అదురు కాళ్లకు తెలుస్తుంది. ఏ దిక్కునుంచి వచ్చిందో కూడా తెలుస్తుంది. ఒక్క ఉదుటున సగం ఒళ్లు బయటికి చాచి పట్టుకుని, అంతే వేగంగా లోపలికి లాగేసుకుంటుంది. వెనక కాళ్లు మాత్రం గడప దాటవు. ఒళ్లు కదపకుండా వేట మేర పెంచుకునే ఉపాయం అది. కదలిక తక్కువైతే ఖర్చయ్యే శక్తీ తక్కువే. ఇంత నిదానంగా బతకడమే ఆయుష్షుకు ఒక కారణమని దీన్ని చదివినవారు చెబుతారు.

ఆ ఇంట్లో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యంగా తోచేది లోపలి దొంగ అడుగు. సొరంగం పైభాగంలో పట్టు అస్తరు గోడకు పూర్తిగా అతుక్కుని ఉండదు, వదులు సంచిలా వేలాడుతుంది. తిని వదిలేసిన పురుగుల డొల్లల్ని సాలీడు ఆ సంచికీ గోడకీ మధ్య సందులో కూరుతుంది. తేలో జెర్రో తలుపు తోసుకుని లోపలికొస్తే కిందికి దిగిపోతూ సంచి అంచును లాగుతుంది. వెనకున్న చెత్త బరువుకు సంచి ముడుచుకుని సొరంగం మూసుకుపోతుంది. వచ్చిన శత్రువుకు అక్కడితో ఇల్లు అయిపోయినట్టే కనిపిస్తుంది. ఇంటావిడ దాని కిందున్న అరలో క్షేమంగా ఉంటుంది.

మగవాటి కథ పొట్టిది. కొన్నేళ్లు అవీ ఇలాగే సొరంగాల్లో పెరుగుతాయి. ఎదిగాక, వేసవి ముగిసి వానలు మొదలైనప్పుడు ఇల్లు వదిలి ఆడసాలీళ్లను వెతుక్కుంటూ బయల్దేరతాయి. మళ్లీ తిరిగిరావు, ఆ రుతువులోనే చచ్చిపోతాయి. ఆడది గుడ్లు పెట్టి, పిల్లల్ని తన ఇంట్లోనే పొదువుకుని, మళ్లీ వానలు పడి నేల మెత్తబడ్డాక బయటికి పంపుతుంది. ఆ పిల్లలు గాలిలో దారాలు వదిలి ఎగిరిపోయే రకం కాదు. నడిచి వెళతాయి. నడిచేదీ కొద్ది మీటర్లే. అందుకే ఒక తల్లి చుట్టూ కూతుళ్ల ఇళ్లు, వాటి చుట్టూ మనవరాళ్ల ఇళ్లు వెలుస్తాయి. పిల్లల్లో ఎక్కువ భాగం ఏడాది తిరక్కుండానే పోతాయి. నిలిచిన ఆడపిల్ల మాత్రం ఆ రోజు తవ్విన సొరంగాన్నే ఏటేటా వెడల్పు చేసుకుంటూ, మూతకు కొత్త అంచు కలుపుకుంటూ అక్కడే ముసలిదవుతుంది. తలుపు పాడైతే బాగుచేసుకుంటుంది తప్ప ఇంకోచోటికి వెళ్లి ఇల్లు కట్టుకోదు.

మేకు పక్కన ఉన్నది మొదటి రోజు చూసిన సాలీడే అని ఇన్నేళ్ల తర్వాత ఎలా చెప్పగలిగారన్న ప్రశ్నకు జవాబూ ఇక్కడే ఉంది. ఆడది ఇల్లు మారదు. చనిపోయిన దాని ఇంట్లోకి మరొకటి చేరదు. కాబట్టి తలుపు చెక్కుచెదరకుండా, పుల్లల వరస తాజాగా ఉన్నంతకాలం లోపలున్నది ఆ మొదటి సాలీడే.

అడవి నరికిన సీమలో

బార్బరా పుట్టింది 1929లో, టామిన్‌కు దగ్గర్లోని కెల్లర్‌బెరిన్‌లో. పెరిగింది నార్త్ బంగల్లాలోని సొంత పొలంలో. తండ్రుల తరం అడవి కొట్టి చేను చేసింది. ఆ కూతురు కొట్టగా మిగిలినదాన్ని జీవితమంతా చదివింది. యూనివర్సిటీ ఆఫ్ వెస్టర్న్ ఆస్ట్రేలియా జంతుశాస్త్ర విభాగంలో పీహెచ్‌డీ అందుకున్న మొదటి మహిళ ఆమె. అది 1956. భర్త బెర్ట్ మెయిన్ కూడా జీవశాస్త్రవేత్తే. కొత్తగా 34 సాలీడు జాతుల్నీ 7 ప్రజాతుల్నీ ఆమె శాస్త్రానికి పరిచయం చేశారు. 1967లో ‘బిట్వీన్ వాడ్జిల్ అండ్ టోర్’, 1971లో ‘ట్వైస్ ట్రాడెన్ గ్రౌండ్’ రాశారు. రెండూ ఆ గోధుమ సీమ నేల గురించి రాసినవే.

బంగల్లాలో ఆమె మొదలుపెట్టిన పని వినడానికి చాలా మామూలుది. ఈ సాలీళ్లు ఎన్ని పుడుతున్నాయి, ఎన్ని బతుకుతున్నాయి, ఎంతకాలం బతుకుతున్నాయి? ఇంతే ప్రశ్న. జవాబు కోసం ఏళ్ల తరబడి తిరిగి తిరిగి ఆ మేకుల దగ్గరికే వెళ్లారు. ఒక్కో మూత మెల్లగా ఎత్తి చూడటం, కొలత రాసుకోవడం, కొత్త పిల్ల ఇల్లు కనిపిస్తే ఇంకో మేకు పాతడం. అలా 150కి పైగా ఇళ్ల చరిత్ర నమోదైంది. మూడేళ్ల గ్రాంటు, అయిదేళ్ల ప్రాజెక్టు అంటూ కొలిచే కాలంలో 42 ఏళ్లపాటు ఒకే నేలకు తిరిగివెళ్లిన మనిషిని నేను గొప్ప శాస్త్రవేత్తల వరసలోనే కూర్చోబెడతాను. సాలీడు ఎంత నిలకడగా ఆ ఇంట్లో ఉందో, ఆమె అంత నిలకడగా దాని వెంట ఉండబట్టే అది ముసలిదైందని లోకానికి తెలిసింది.

ఆరోగ్యం సహకరించని దశలో ఆ పనిని లియాండా మేసన్ అనే యువ పరిశోధకురాలు అందుకున్నారు. 2016 అక్టోబరు 31న ఆమె పదహారో మేకు దగ్గరికి వెళ్లేసరికి తలుపుకు రంధ్రం పడి ఉంది. సాలీళ్లమీద గుడ్లు పెట్టే పరాన్నజీవి కందిరీగ చేసిన రంధ్రం అది. ఇలాంటి కందిరీగల గుడ్డు నుంచి వచ్చిన పురుగు సాలీడును బతికుండగానే తింటుంది. లోపల నంబర్ 16 లేదు. అంతకుముందు ఆ ఏడాదిలోనే దాన్ని ప్రాణాలతో చూశారు. వృద్ధాప్యంతోనే పోయి ఉంటే ఇంకెన్నేళ్లు బతికేదో!

2018లో మేసన్, గ్రాంట్ వార్డెల్ జాన్సన్, బార్బరా ముగ్గురి పేర్లతో ‘పసిఫిక్ కన్సర్వేషన్ బయాలజీ’ పత్రికలో వ్యాసం వచ్చింది. అప్పటిదాకా ఎక్కువకాలం బతికిన సాలీడుగా పేరున్నది మెక్సికో టరాంటులా, 28 ఏళ్లు. దాన్ని 15 ఏళ్ల తేడాతో దాటేసింది బంగల్లా సాలీడు. మరుసటి ఏడాది, 2019 మేలో బార్బరా కన్నుమూశారు.

వీపే డాలు

గాయస్ విల్లోసస్ ఆ ప్రాంతంలో ఇప్పటికీ పలుచోట్ల ఉంది. ఆ సీమలోనే ఉంటూ నిజంగా అరుదైపోయింది ఇడియోసోమా నైగ్రమ్. 1952లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేసిందీ బార్బరానే. నల్లటి ఒళ్లు. పొట్ట వెనకభాగం మెత్తగా ఉండాల్సింది పోయి గాడులు తేలి, తోలు బిరుసెక్కి డాలులా ఉంటుంది. శత్రువు లోపలికొస్తే తల కిందికి పెట్టి సొరంగంలో దిగుతుంది. కాస్త లోతుకు వెళ్లేసరికి ఆ డాలు సొరంగానికి సరిగ్గా బిగుసుకుని బిరడా అవుతుంది. కందిరీగ ముల్లు దిగడానికి మెత్తటి చోటే దొరకదు. నంబర్ 16కు పట్టుతో చేసిన దొంగ అడుగు రక్ష అయితే, దీనికి సొంత వీపే రక్ష. ఆస్ట్రేలియా జాతీయ పర్యావరణ చట్టం దీన్ని ముప్పులో ఉన్న జాతిగా జాబితాలో చేర్చింది.

2018లో మైకేల్ రిక్స్, మార్క్ హార్వే తదితర పరిశోధకులు ఈ డాలు సాలీళ్లన్నిటినీ మళ్లీ మొదటినుంచి పరిశీలించారు. శరీర నిర్మాణం, డీఎన్ఏ రెండూ చూసి ఈ గుంపులో ఏకంగా 15 కొత్త జాతుల్ని ప్రకటించారు. కొత్తవి దొరికాయంటే సంతోషమే. కానీ రక్షణ లెక్కల్లో దీని అర్థం వేరు. విశాలమైన ప్రాంతంలో ఒకే జాతి ఉందనుకున్న చోట, ఒక్కోటి ఒక్కో చిన్న పరిధికి కట్టుబడిన జాతులు చాలా ఉన్నాయన్నమాట. అక్కడ పోతే ఏం, ఇక్కడున్నాయిగా అనుకునే వీలు పోయింది. ఒక గుట్ట పోతే, ఒక వాగు ఒడ్డు పోతే, ఒక జాతే పోవచ్చు.

పోవడానికి కావలసినవన్నీ గోధుమ సీమలో జరిగిపోయాయి. సహజమైన అడవి పదింట తొమ్మిది వంతుల దాకా నరికేశారు. లోతైన వేళ్లున్న చెట్లు ఏడాది పొడవునా నీరు లాగుతుండేవి. వాటి స్థానంలో కొన్ని నెలలే ఉండే గోధుమ వచ్చేసరికి భూగర్భ జలం పైకి లేచింది. వస్తూ వస్తూ అడుగున పేరుకున్న ఉప్పును వెంట తెచ్చింది. పల్లపు నేలలు చవుడు బారాయి. సొరంగంలో బతికే జీవికి ఇంతకన్నా కీడు ఏముంటుంది? మరోవైపు 1970ల నుంచి ఆ నైరుతి మూలలో చలికాలపు వానలు తగ్గుతూ వస్తున్నాయి. పిల్లలు బయటికి రావాలన్నా, మగవి తోడు వెతుక్కుంటూ నడవాలన్నా ఆ తడే ఆధారం. మిగిలిన అడవి ముక్కల్లోకి మేకలూ గొర్రెలూ దిగితే పుల్లలూ ఆకులూ నలిగిపోతాయి. ఆకుల చెత్త లేకపోతే నీడ లేదు, పురుగు లేదు, గుమ్మం ముందు పేర్చుకునే పుల్లా లేదు. ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు మగసాలీడు నడిచి వెళ్లాలంటే దున్నిన చేను దాటాలి.

వయసు కప్పిన నిజం

ఈ కథలో నన్ను బాగా భయపెట్టే విషయం ఒకటుంది. అది దీర్ఘాయుష్షుకు సంబంధించినది.

రెండేళ్లు బతికే జీవికి కష్టం వస్తే మూడో ఏటికి లెక్కల్లో తెలిసిపోతుంది. ఇరవై, ముప్ఫై, నలభై ఏళ్లు బతికే జీవి విషయంలో అలా తెలియదు. వానలు తగ్గి, పిల్లలు నిలవడం మానేసి పదేళ్లైనా తల్లులు తమ ఇళ్లలో అలాగే ఉంటాయి. సర్వేకు వెళ్లినవారు తలుపులు లెక్కపెట్టి ఫరవాలేదు, ఉన్నాయి అని రాసుకొస్తారు. ఉన్నది ముసలివేనని, వాటి తర్వాత ఎవరూ లేరని ఆ అంకె చెప్పదు. ఒక్కోటిగా అవి రాలిపోవడం మొదలయ్యేసరికి చేయాల్సిన కాలం దాటిపోతుంది. నేలను పాడుచేసింది ఒక తరం, ఖాళీ ఇళ్లు చూసేది మరో తరం. 2017లో రిక్స్, బార్బరా, హార్వే తదితరులు కలిసి రాసిన వ్యాసం దక్షిణ ఆస్ట్రేలియా వ్యవసాయ ప్రాంతాల్లో సాలీళ్లన్నీ ఎటు పోయాయని శీర్షికలోనే అడిగింది. దశాబ్దాల కింద తాము సాలీళ్లను చూసిన చోట్లకే తిరిగివెళ్లి, అక్కడ తగ్గుదలను గమనించినవారి ప్రశ్న అది.

బార్బరా పద్ధతి విలువ ఇక్కడ తెలుస్తుంది. ఆమె తలుపుల సంఖ్యతో సరిపెట్టుకోలేదు. మూత ఎంత వెడల్పుందో కొలిచారు. పెద్ద మూతలే ఉండి చిన్న మూతలు లేని నేలను చూసి నిశ్చింతగా ఉండకూడదని ఆమె నోటు పుస్తకాలు చూస్తే అర్థమవుతుంది.

ఇంత కదలని వంశంలో ఒక సముద్రయానం కూడా ఉందంటే నమ్మబుద్ధి కాదు. ఆస్ట్రేలియా దక్షిణ తీరంలోని కంగారూ దీవిలో మోగ్రిడ్జియా రింటూలినా అనే బుల్లి తలుపు సాలీడు ఉంది. దీని దగ్గరి బంధువులన్నీ ఆఫ్రికాలో ఉన్నాయి. గోండ్వానా ఖండం విడిపోయినప్పుడే ఇవీ విడిపోయి ఉంటాయని అనుకునేవారు. 2017లో వచ్చిన డీఎన్ఏ అధ్యయనం ఆ ఎడబాటు 20 లక్షల నుంచి కోటీ 60 లక్షల ఏళ్ల కిందటిదేనని తేల్చింది. ఖండాలు విడిపోయింది అంతకు ఎంతో ముందు. కాబట్టి తీరం నుంచి ఊడిపోయిన మట్టిగడ్డమీదో చెట్టు మొదలుమీదో హిందూ మహాసముద్రం దాటి ఉండాలి. తన సొరంగం, తలుపు వెంటే ఉన్నాయి కాబట్టి బహుశా అది ఇల్లు వదలకుండానే అంత దూరం వెళ్లింది.

గుత్తి కలప అడితి

నంబర్ 16, డాలు సాలీడు రెండూ ఇడియోపిడే కుటుంబానివి. ఆఫ్రికా, దక్షిణ అమెరికాలతో పాటు మన దేశంలోనూ ఆ కుటుంబం ఉంది. ఇడియాప్స్ ప్రజాతి తలుపు సాలీళ్లు మన అడవుల్లో మట్టి గట్లకూ వాలు నేలలకూ సొరంగాలు చేసుకుని బతుకుతాయి. వాటికోసం ఏళ్ల తరబడి మేకులు పాతి కూర్చునేవారు ఇంకా రావాలి.

మైగలోమార్ఫ్ వంశంలో తెలుగు నేల ప్రపంచానికి ఇచ్చిన పేరు మాత్రం ఒకటుంది, గుత్తి సాలీడు. ఇది తలుపు పెట్టుకునే రకం కాదు, చెట్టు తొర్రల్లో ఉండే టరాంటులా. మెరిసే నీలి రంగు. 1899లో బ్రిటిష్ శాస్త్రవేత్త రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్ దీనికి పొయిసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టారు. ఆధారం ఒకే ఒక్క సాలీడు. అది దొరికింది గుత్తిలోని రైల్వే కలప అడితిలో. దాని అసలు ఊరు గుత్తి కాదని, ఎక్కడో కొట్టిన మొద్దులతో పాటు రైల్లో వచ్చిందని తర్వాతి వారు భావించారు. ఆ తర్వాత 102 ఏళ్లు అది ఎవరి కంటా పడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య తూర్పు కనుమల అడవిలో మళ్లీ కనిపించింది. 2008లో ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య దాన్ని తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించింది. అది బతికే అడవి వంద చదరపు కిలోమీటర్లు కూడా ఉండదన్నది అప్పటి అంచనా. పెద్ద చెట్లు కొట్టడం ఒక ముప్పు. ఆ రంగు చూసి పెంచుకోవాలనుకునేవారి కోసం పట్టుకుపోవడం ఇంకో ముప్పు.

నాకు అందులో కలచివేసేది ఆ కలప అడితి. ఒక జాతి ఉందని తెలిసిందే దాని ఇల్లు నరికి బండికెత్తినప్పుడు. ఆస్ట్రేలియా డాలు సాలీడు సంగతీ దీనికి దూరం కాదు. అడవి చాలావరకు చేలుగా మారాక, మిగిలిన ముక్కల్లో దాన్ని వెతుక్కోవలసి వచ్చింది.

పశ్చిమ ఆస్ట్రేలియా ఒక పని చేసింది, మనం తెచ్చుకోదగ్గది. పది వేల చదరపు కిలోమీటర్లకు లోపు పరిధిలోనే బతికే జీవుల్ని ప్రత్యేకంగా చూడాలని మార్క్ హార్వే 2002లో వాదించారు. తలుపు సాలీళ్లు, జెర్రుల బంధువులు, నత్తలు అన్నీ ఆ కోవలోవే. 2009లో ఆ రాష్ట్ర పర్యావరణ సంస్థ గనులు, పెద్ద నిర్మాణాలకు అనుమతి అడిగేవారు ఇలాంటి చిన్న పరిధి జీవుల కోసం ఎలా వెతకాలో మార్గదర్శకాలు ఇచ్చింది. నేల తవ్వేముందు ఆ నేలలో ఎవరున్నారో చూడమని అడిగింది.

మన దగ్గర అడవి నేలను రోడ్డుకో క్వారీకో ఇచ్చేముందు తయారుచేసే నివేదికల్లో చిరుతలూ దుప్పులూ పక్షులూ ఉంటే చాలదు. వాగు గట్లు, చెట్ల మొదళ్లు, వాలు కట్టలు మోకాళ్లమీద కూర్చుని చూసేవారు కావాలి. అదీ ఎండాకాలంలో ఒక్క పూట కాదు. వానలు పడ్డాక, మగవి నడిచే రోజుల్లో, పిల్లలు బయటికొచ్చే రోజుల్లో వెళ్లాలి. దొరికిన ప్రతి మూతా ఎంత వెడల్పో రాయాలి. చిన్న మూతలున్నాయా లేవా అన్నది నివేదికలో ఒక వరుసగా ఉండాలి. ఆ వరుస నింపడానికి ఖరీదైన పరికరమేమీ అక్కర్లేదు. ఒక స్కేలు, ఒక టార్చి, ఆ చోటికే మళ్లీ వచ్చే ఏడూ వెళ్లే మనిషి ఉంటే అవుతుంది.